అప్‌డేట్: పెరటి తిలాపియాలో మట్టి వాసన పోయింది

విశాఖ మధురవాడలో మా పెరటి ఆక్వాపోనిక్స్ (చేపల ట్యాంకు నీటితోనే మొక్కలు పెంచే పద్ధతి) తిలాపియా చేపలు ఎలా వండినా మట్టి వాసన వస్తున్నాయని అడిగాను కదా, కారణం దొరికింది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

చేపల పెంపకం తెలిసిన ఒకాయన వచ్చి ట్యాంకు అడుగున చేయి పెట్టి చూశారు. గుప్పెడు నల్లటి బురద, జిగురుగా. అందులో పెరిగే సూక్ష్మజీవులు జియోస్మిన్ అనే మట్టి వాసన పదార్థాన్ని వదులుతాయి, అది చేప కొవ్వులో చేరుతుంది. తొలకరికి నేల నుంచి వచ్చే వాసన కూడా అదే!

మేత మార్చడం, నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార స్థాయి) సరిచేయడం వల్ల ఏమీ తేడా రాలేదు. పనిచేసింది ఒక్కటే: తినబోయే చేపల్ని వేరే డ్రమ్ములో, గాలి పంపు పెట్టి, మేత లేకుండా, రోజూ నీళ్లు మారుస్తూ ఐదు రోజులు ఉంచడం. కొళాయి నీళ్లయితే క్లోరిన్ పోవడానికి ఒక రోజు నిల్వ ఉంచి పోయండి. రెండో రోజే ఒకటి వండి చూశాం, వాసన ఇంకా ఉంది.

నిన్న ఉప్పు, కారం, పసుపు మాత్రమే పట్టించి వేయించాను. అమ్మ రెండో ముక్క అడిగింది.