ఎండాకాలం వినడానికి పాత జపాన్ పాటలు చెప్పండి, ఎప్పుడూ చెప్పే ఆ సిటీ పాప్ (70ల చివర, 80ల నాటి జపాన్ పట్నం పాప్) లిస్ట్ కాకుండా

మిద్దెమీద_మంచం:

హాయ్ అందరికీ. యూట్యూబ్ తనంతట తనే మికి మత్సుబర 'మయొనక నో డోర్' వినిపించింది, 1979 పాట అంటే అస్సలు నమ్మబుద్ధి కాలేదు, అక్కణ్ణుంచి మరియా తకెఉచి 'ప్లాస్టిక్ లవ్'కి పోయా, ఇంక అంతే, అందులోనే పడిపోయా. భాష ముక్క రాదు, అయినా కరెంటు పోయి డాబా మీద పడుకుంటే చెవుల్లో ఇవే. గొడవేంటంటే ఏ ప్లేలిస్ట్ తెరిచినా అవే పాటలు తిప్పి తిప్పి వేస్తున్నారు, పైగా సగం వేసవివి కూడా కాదు. నాక్కావల్సింది సెలవులు, సముద్రం, సాయంత్రం గాలి, ఆ టైపు పాతవి. ఇంకో డౌటు, జపాన్‌లో మామూలు జనానికి వేసవి అనగానే గుర్తొచ్చేవి కూడా ఇవేనా, లేకపోతే ఇదంతా మనలాంటి బయటోళ్ళ పిచ్చేనా?

క్యాసెట్_రీలు:

తమ్ముడూ, రాంగ్ మనిషిని అడిగావు, ఇప్పుడు ఆపలేవు నన్ను. ముందు తత్సురో యమషిత 'ఫర్ యూ', 1982. మొదటి పాట 'స్పార్కల్', గిటార్ ఒక్కటే కరకరలాడుతూ మొదలవుద్ది చూడు, అది ఆయనే వాయించాడు, గోధుమరంగు టెలికాస్టర్ గిటార్ మీద, ఆ తర్వాత డ్రమ్స్, బ్రాస్ వచ్చి పడతాయి, మే నెల మధ్యాహ్నం కూడా ఏసీ వేసినట్టుంటది. ఐజిన్ సుజుకి వేసిన కవర్ కూడా పక్కా ఎండే. కానీ ఆల్బమ్ రిలీజయింది జనవరి చలిలో, అదీ కామెడీ. అంతకు రెండేళ్ళ ముందు 'రైడ్ ఆన్ టైమ్' మాక్సెల్ క్యాసెట్ యాడ్‌కి వాడారు, యమషితే స్వయంగా సముద్రంలో దిగి నిలబడ్డాడు అందులో. నా పేరు చూశావుగా, ఆ యాడ్ అంటే నాకు ఎందుకిష్టమో వేరే చెప్పక్కర్లేదు. వాక్‌మన్ 1979లో వచ్చింది, కార్లలో స్టీరియోలు వచ్చాయి, కుర్రాళ్ళ చేతుల్లో నాలుగు డబ్బులాడుతున్నాయి, బీచ్‌కి పోతూ దార్లో వినడానికే అన్నట్టు తయారైన పాటలివి.

రెండోది ఎయిచి ఓతాకి 'ఎ లాంగ్ వెకేషన్', 1981 మార్చి. ఒక్కటే వింటా అంటే ఇదే విను. కవర్ మీద హిరోషి నాగాయ్ బొమ్మ, నీలం కొలను, గొడుగు, కొబ్బరి జాతి చెట్లు, మనిషన్నవాడు లేడు. మొదటి పాట 'కిమి వా టెన్నెన్‌షోకు' పియానో మీద ఒక్క స్వరం కొట్టి వాద్యాలు శృతి చేసుకుంటుంటే మొదలవుద్ది, కట్ చెయ్యకుండా అలాగే ఉంచేశారు, తర్వాత డ్రమ్స్ పుల్లలు కొట్టి లెక్కపెట్టడం, ఆ వెంటనే గోడ కూలినట్టు అన్నీ ఒకేసారి. హుషారుగా ఉంటది గానీ దాని వెనక కథ వేరు. పాటలు రాస్తున్న తకాషి మత్సుమోతో చెల్లెలు ఆ రోజుల్లోనే పోయింది, ఆయన పెన్ను ముట్టుకోలేకపోయాడు, వేరేవాళ్ళతో రాయించుకో అంటే ఓతాకి ఒప్పుకోలేదు, రిలీజ్ వాయిదా వేసుకుని కూర్చున్నాడు. జ్ఞాపకం నలుపు తెలుపులో ఉంది, రంగు వెయ్యమని అడుగుతది ఆ పాట. ఇది తెలిశాక మళ్ళీ విని చూడు. ఇంకోటి, వేసవి ఆల్బమ్ కదా అని చివరిదాకా పోతే ఆఖరి పాట సైబీరియా రైలు మీద ఉంటది, ఓతాకి లెక్కే అంత.

ఊరికే_అడిగా:

ఏమనుకోకండి గానీ నాదొక డౌటు. మనం పుట్టని దేశం, పుట్టని కాలం, తెలియని భాష, దాని మీద నాస్టాల్జియా ఏంటండీ? యూట్యూబ్ అల్గారిథమ్ పెట్టిందల్లా తినేసి మళ్ళీ మనకేదో గత జన్మ బంధం ఉన్నట్టు కళ్ళు చెమర్చడం. వేసవి పాటలు మన రేడియోలో లేవా?

క్యాసెట్_రీలు:

@ఊరికే_అడిగా మంచి ప్రశ్నే, కానీ అదే ప్రశ్న 1981లో జపాన్ వాళ్ళని కూడా అడగాలి మీరు. ఓతాకికి 60ల నాటి అమెరికా పాప్ అంటే ప్రాణం, అక్కడి ప్రొడ్యూసర్ ఫిల్ స్పెక్టర్ పద్ధతిలో స్టూడియో నిండా మనుషుల్ని పెట్టి ఒకే వాద్యం నలుగురైదుగురితో ఒకేసారి వాయించి రికార్డ్ చేశాడు. నాగాయ్ బొమ్మల్లో ఉండేది కూడా ఎక్కువ భాగం అమెరికా ఎండే. అంటే వాళ్ళదీ అరువు తెచ్చుకున్న బెంగే. మనం అరువు మీద అరువు తెచ్చుకున్నాం, వడ్డీ లేదుగా, మీకొచ్చిన నష్టమేంటి సార్.

యోకొహామా_గోదారి:

ఇక్కడ ఉద్యోగం చేస్తున్నా కాబట్టి ఆ రెండో డౌటుకి నేను చెప్తా. రీలు అన్న చెప్పినవి గొప్పవే, కాదనను, కానీ ఆగస్టులో ఇక్కడ ఆఫీసు వాళ్ళతో కరావొకేకి వెళ్తే వినపడేవి వేరు. ముందు ఇక్కడి వేసవి లెక్క తెలియాలి. మనకి పరీక్షలైపోయాక సెలవులు, క్లాసు మారిపోద్ది, పుస్తకాలు అటకెక్కేస్తాయి. వీళ్ళకి చదువు ఏప్రిల్‌లో మొదలవుద్ది, జూన్ అంతా ముసురు, జూలై ఇరవై అటూ ఇటూ సెలవులిస్తే చాలా చోట్ల ఆగస్టు ఆఖరుతో సరి, మధ్యలో ఓబోన్ పండక్కి సొంతూరు, పెద్దలకి దణ్ణం, బాణసంచా, దానికితోడు బోలెడు హోంవర్కు. అంటే సెలవులు మొదలైన రోజునుంచే అయిపోతున్నాయన్న దిగులు. అందుకే జనం గుండెల్లో ఉన్న పాటలు చాలావరకు వేసవి వచ్చినందుకు కాదు, వెళ్ళిపోతున్నందుకు.

యోసుయ్ ఇనొవె 'షోనెన్ జిదాయ్' 1990, మొదటి లైన్లోనే వేసవి దాటిపోయి ఉంటుంది, పెద్దా చిన్నా అందరికీ నోటికొచ్చు. అదే ఏడాది సదర్న్ ఆల్ స్టార్స్ 'మనత్సు నో కజిత్సు', పేరుకి నడివేసవి, వింటే విరహం. ఆ బ్యాండ్ పాడే కెయిసుకె కువత ది చిగసకి, సముద్రం పక్క ఊరు, ఆ స్టేషన్లో రైలు తలుపులు మూసుకునే ముందు వీళ్ళ పాట ట్యూనే మోగుతుంది.

నాకు మటుకు అన్నిటికన్నా ఇష్టం ఫుజిఫాబ్రిక్ అనే బ్యాండ్ 'వకమోనో నో సుబెతే', 2007. అంత పాతదేం కాదు, తిట్టకండి. ఇక్కడ చాలా ఊళ్ళలో సాయంత్రం స్తంభాల మీద లౌడ్‌స్పీకర్లలో ఒక ట్యూన్ వేస్తారు, భూకంపం లాంటివి వస్తే హెచ్చరించే మైకులు పనిచేస్తున్నాయో లేదో రోజూ చూసుకోవడానికి, పిల్లలకి మాత్రం ఆటలాపి ఇంటికి పొమ్మని. ఆ ఐదింటి గంట ఈ పాటలో వస్తుంది, ఏడాదిలో ఆఖరి బాణసంచా కూడా వస్తుంది. రాసి పాడిన మసహికో షిముర 2009లో 29 ఏళ్ళకే పోయాడు. ఆయన సొంతూరు ఫుజియోషిద, ఫూజీ కొండ కిందే, జూలైలో ఆయన పుట్టినరోజు దగ్గర ఊరి మైకుల్లో సాయంత్రం గంట బదులు ఇదే పాట ట్యూన్ వేశారు.

ఓటాకు_బుజ్జి:

అక్కా సూపర్!! కానీ 'సీక్రెట్ బేస్' చెప్పకుండా వదిలేశారేంటి 😭 జోన్ అని సప్పోరో అమ్మాయిల బ్యాండ్, 2001 ఆగస్టు. పదేళ్ళ తర్వాత ఆగస్టులో మళ్ళీ కలుద్దాం అని ఉంటది పాటలో, బ్యాండ్ 2005లో విడిపోయింది, సరిగ్గా 2011లో 'అనోహన' అనే యానిమే (జపాన్ కార్టూన్ సీరియల్) వాళ్ళు చివర్లో ఇదే పాటని తమ నటీమణులతో పాడించారు, ఆ ఆగస్టులో జోన్ వాళ్ళు కూడా మాట మీద నిలబడి మళ్ళీ స్టేజ్ ఎక్కారు. నేను యానిమే చూసి ఏడ్చా, తర్వాత ఈ కథ తెలిసి ఇంకోసారి ఏడ్చా. హుషారుగా కావాలంటే వైట్‌బెర్రీ 'నత్సు మత్సురి' 2000, దానికి 1990లో జిట్టరిన్ జిన్ వాళ్ళ ఒరిజినల్ ఉంది, రెండూ వినండి. ఇంకోటి, మా చెల్లి కొరియా గ్రూప్ న్యూజీన్స్ ఫ్యాన్, 2024లో టోక్యో డోమ్‌లో ఆ గ్రూప్ అమ్మాయి హన్నీ 'అఓయి సంగోషో' పాడింది చూసి అది కొత్త పాట అనుకుంది, సెయికో మత్సుద 1980 పాట అని చెప్తే నమ్మదే.

ఊరికే_అడిగా:

సరే, ఆ ఫుజిఫాబ్రిక్ పాట విన్నాను. ఏ మాటకామాటే, బాగుంది. రెండోసారి కూడా విన్నాను. అల్గారిథమ్ గురించి నా అభిప్రాయం మాత్రం మారలేదు.

మిద్దెమీద_మంచం:

థాంక్యూ అందరికీ, రాత్రంతా ఇదే పని. 'షోనెన్ జిదాయ్' మా అమ్మ కూడా పక్కన కూర్చుని విని ఎవరిదిరా బాగా పాడుతున్నాడు అంది, అంతకన్నా సర్టిఫికెట్ లేదు మా ఇంట్లో. 'లాంగ్ వెకేషన్' దొరికింది. 'ఫర్ యూ' మాత్రం యాప్‌లో ఎంత వెతికినా లేదేంటి అన్నా?

క్యాసెట్_రీలు:

ఉండదు. ఓతాకి పాటలు 2021లో ఆల్బమ్ నలభై ఏళ్ళ పండక్కి స్ట్రీమింగ్‌లోకి వచ్చాయి. యమషిత మాత్రం మొండిఘటం, ఇవ్వనని 2022లో తెగేసి చెప్పాడు. 2023లో పాత ఆల్బమ్స్ మళ్ళీ రికార్డులు, క్యాసెట్లుగా వేశారు, క్యాసెట్లే కొను, మనకి ఆ టేప్ బుస చప్పుడు ఉంటేనే నిద్ర పట్టేది.

యోకొహామా_గోదారి:

వచ్చే నెల రాజమండ్రి వస్తున్నా, ఇక్కడ సెకండ్ హ్యాండ్ షాపుల్లో సీడీలు చవగ్గానే ఉంటాయి, ఏవి కావాలో మెసేజ్ పెట్టు తమ్ముడూ. రికార్డులు మాత్రం అడగకు, మన ఎండకి అప్పడంలా వంగిపోతాయి, తర్వాత నన్నంటావ్.