ఐలరాన్ బెల్‌క్రాంక్ దగ్గర చెయ్యి పట్టడం లేదు, వాషర్లు ఎలా పెట్టాలి?

గన్నవరం షెడ్

అందరికీ నమస్కారం. గన్నవరం దగ్గర షెడ్‌లో నేనూ మా బావా కలిసి రెండు సీట్ల మెటల్ కిట్ విమానం కడుతున్నాం. రెక్కల పని దాదాపు అయిపోయింది, ఐలరాన్ (రెక్క వెనక అంచున పైకీ కిందికీ కదిలే పలక) బెల్‌క్రాంక్‌కి, అంటే కదలిక దిశ మార్చే లివర్‌కి, పుష్‌రాడ్ (దాన్ని తోసే, లాగే కడ్డీ) తగిలించే చోట మాత్రం ఆగిపోయాం. బెల్‌క్రాంక్ రెండు చెవుల మధ్య రాడ్ ఎండ్ బేరింగ్ (పుష్‌రాడ్ చివర ఉండే, లోపల బాల్ తిరిగే బేరింగ్) కూర్చోవాలి, దానికి అటూ ఇటూ ప్లాన్‌లో చూపించిన వాషర్లు పడాలి, అన్నిటిలోంచి ఏఎన్3 బోల్టు (విమానాలకి వాడే అంగుళాల కొలత బోల్టు) వెళ్లాలి. ఇదంతా రెక్క కింద ఇన్‌స్పెక్షన్ రంధ్రంలోంచి చెయ్యాలి. చెయ్యి పెడితే లోపల ఏమీ కనపడదు, ఒక వాషర్ నిలబెట్టేలోపు రెండోది జారిపోతోంది. ఒక వాషర్ తీసేస్తే సులువుగా పడుతోంది, బావ అలాగే కానిచ్చేద్దాం అంటున్నాడు, నాకు మనసొప్పడం లేదు.

ఇంకో రెండు సందేహాలు. టార్క్ రెంచ్ (ఎంత బిగువుగా తిప్పామో కొలిచే పానా) లోపల పట్టదు, చేతి అంచనాతో బిగించొచ్చా? కిట్‌తో వచ్చిన నైలాన్ నట్లు (ఊడకుండా లోపల నైలాన్ రింగు ఉండేవి) అయిపోయాయి, ఆటోనగర్‌లో ఎం5 నైలాక్, అంటే మి.మీ. కొలతలో అలాంటి నట్టే, తెచ్చి చూస్తే ఇదే బోల్టుకి హాయిగా ఎక్కుతోంది, వాడొచ్చా?

పాత ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్

ముందు ఆ ఎం5 నట్లు షెడ్‌లోంచే బయటపెట్టు తమ్ముడూ, కిట్ నట్లలో కలిస్తే తర్వాత పోల్చుకోలేవు. ఏఎన్3 బోల్టు లావు 4.83 మి.మీ., అంగుళానికి 32 థ్రెడ్లు, అంటే పిచ్ (ఒక థ్రెడ్ నుంచి ఇంకో థ్రెడ్‌కి దూరం) 0.794 మి.మీ. ఎం5 లావు 5 మి.మీ., పిచ్ 0.8. పిచ్ ఇంత దగ్గరగా ఉంది కాబట్టే ఎక్కుతోంది, కానీ లావులో తేడా వల్ల థ్రెడ్లు పైపైన మాత్రమే పట్టుకుంటాయి, నైలాన్ కూడా బోల్టుని గట్టిగా పట్టదు. హాయిగా ఎక్కిందన్నావు చూడు, అదే ప్రమాదం. ఈ బోల్టుకి సరిపడే ఏఎన్365 నైలాన్ నట్లే తెప్పించు, వచ్చేదాకా వేరే పని చూసుకో.

వాషర్ తీసెయ్యడం అసలు వద్దు. ఆ వాషర్లు బేరింగ్ బాల్‌ని మధ్యలో నిలబెడతాయి. ఒకటి తగ్గితే నట్టు బిగించినప్పుడు బెల్‌క్రాంక్ చెవులు లోపలికి వంగుతాయి, లేదంటే స్టిక్ (పైలట్ చేతి కంట్రోల్ కర్ర) చివరిదాకా తిప్పినప్పుడు రాడ్ ఎండ్ పక్కకి రాసుకుంటుంది. రెండూ కంట్రోల్స్‌లో ఉండకూడనివే.

పద్ధతి చెప్తా. పనికిరాని ఏఎన్3 బోల్టు తల కోసేసి, సాఫీగా ఉన్న భాగం నుంచి చెవుల మధ్య దూరం కంటే రవ్వంత పొట్టి ముక్క తీసుకో, రెండు మూతులూ గుండ్రంగా అరగదియ్యి. బయట బల్ల మీదే వాషరు, రాడ్ ఎండ్, వాషరు ఆ ముక్కకి ఎక్కించి, మొత్తం ఒకే కట్టగా చెవుల మధ్యకి జరుపు. ఇప్పుడు అసలు బోల్టు ఒక వైపు నుంచి తోస్తే అది ముందుకు వెళ్తూ ఆ ముక్కని అవతలికి నెట్టేస్తుంది, వాషర్లు ఎక్కడికీ కదలవు. ముక్కకి దారం కట్టి ఉంచు, బయటికి రాగానే లాగేసుకోవచ్చు.

బోల్టు తల పైకి గానీ ముందుకి గానీ ఉండాలన్నది మామూలు పద్ధతి, నట్టు ఊడినా బోల్టు వెంటనే జారిపోకుండా. ప్లాన్‌లో వేరేగా చూపిస్తే ప్లానే ఖాయం.

ఆటోనగర్ లేత్ వర్క్

అన్నా, ఫిట్టర్ గారు చెప్పింది చాలా బాగుంది. బయటి వైపు, నట్టు కింద పడే వాషర్ కోసం నేను చేసేది చెప్తాను. కూల్‌డ్రింక్ టిన్ రేకు సన్నగా పట్టీ కోసి, చివర బోల్టు పట్టేంత గాడి తియ్యండి. వాషర్‌ని ఆ గాడి మీద ఒక చిన్న ఫెవిక్విక్ చుక్కతో అంటించి లోపలికి పంపండి, బోల్టు దూరాక పట్టీని మెలి తిప్పితే వాషర్ విడిపోతుంది. చుక్క మరీ చిన్నదిగా ఉండాలి, బేరింగ్ వైపు వాషర్లకి మాత్రం ఆ జిగురు వాడకండి.

పానా విషయం. ఈ నట్టుకి 3/8 అంగుళం పానా కావాలి, అంటే 9.5 మి.మీ. మన దగ్గర అందరి చేతుల్లోనూ ఉండే 10 నంబర్ పానా పెడితే మూలలు అరిగిపోతాయి. 3/8 రింగ్ పానా చవకది ఒకటి కొని గ్రైండింగ్ మిషన్ మీద పల్చగా అరగదీసి, మెడ వేడి చేసి వంచుకోండి. ఆ ఒక్క చోటు కోసం ఒక పానా పోయినా పర్లేదు, విమానం పార్టుని మాత్రం గీకకండి, వంచకండి.

బ్రాడీపేట బిల్డర్

షెడ్ గారూ, టార్క్ చేతి అంచనాకి వదిలెయ్యకండి. ఏఎన్3కి మామూలు నైలాన్ నట్టుతో 20 నుంచి 25 ఇంచ్-పౌండ్లు, అంటే 2.3 నుంచి 2.8 న్యూటన్ మీటర్లు. చాలా తక్కువ. కారు వీల్ నట్లకి వాడే రెంచ్ ఇంత కిందికి రాదు, చిన్నది విడిగా కొనాల్సిందే. నట్టు ఇంకా ఆనకముందు, ఉట్టినే తిరిగేటప్పుడు ఎంత లాగుతోందో చూసి దాన్ని కూడా కలపాలి. అది 5 ఉంటే, మీకు 25 కావాలంటే 30కి బిగించాలన్నమాట. క్లిక్ రెంచ్‌తో అది తెలీదు, ముల్లు ఉన్న రకం కావాలి.

లోపల పట్టకపోతే క్రోఫుట్ (రెంచ్ చివర తగిలించే పానా మూతి ముక్క) తగిలించండి. రెంచ్‌కి 90 డిగ్రీల్లో పెడితే లెక్క మారదు. తిన్నగా ముందుకి పెడితే చెయ్యి పొడవు పెరుగుతుంది కాబట్టి సెట్టింగ్ తగ్గించాలి: 10 అంగుళాల రెంచ్‌కి 1 అంగుళం కలిస్తే 25 కోసం సుమారు 22.7.

గన్నవరం షెడ్

అందరికీ చాలా థ్యాంక్స్. బావకి చదివి వినిపించాను, వాషర్ తీసే మాట వదిలేశాడు. ఇంకొక్కటి సార్, కంట్రోల్ లింకేజీ కదా, నైలాన్ నట్టు సరిపోతుందా, కాటర్ పిన్ (నట్టు తిరగకుండా బోల్టు రంధ్రంలో దూర్చి వంచే పిన్ను) ఉండాలా?

పాత ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్

బోల్టు తిరుగుతుందా లేదా అన్నది చూడు. రాడ్ ఎండ్‌లో బాల్ బోల్టుతో కలిసి బిగిసిపోతుంది, కదలిక బేరింగ్ లోపలే జరుగుతుంది, కాబట్టి ప్లాన్‌లో నైలాన్ నట్టు ఉంటే అదే సరి. బోల్టే ఇరుసులా తిరిగే చోట మాత్రం క్యాజిల్ నట్టు (పిన్ను పట్టేలా పైన గాడులున్న నట్టు), కాటర్ పిన్ తప్పనిసరి. ఇంజిన్ వైపు 121 డిగ్రీలు దాటే చోట నైలాన్ పనికిరాదు, పూర్తి మెటల్ లాక్ నట్టు వాడాలి. ఒకసారి విప్పిన నైలాన్ నట్టు చేతి వేళ్లతోనే ఎక్కేస్తుంటే పారెయ్యి.

బిగించాక నట్టు బయట కనీసం ఒక థ్రెడ్ కనపడాలి. స్టిక్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, అద్దం పెట్టి చూసి, అప్పుడు నట్టు మీదనుంచి రంగు గీత పెట్టు. మొదలుపెట్టే ముందు వాషర్లూ నట్లూ ఎన్ని తీశావో రాసి పెట్టుకో, చివర్లో లెక్క తగ్గితే రెక్క మూయొద్దు. ఆ సామాను ఉక్కుదే, మాగ్నెట్‌కి అంటుకుంటుంది, దొరికేదాకా వెతుకు.