ఎ యూనివర్సిటీ, యాన్ ఎస్వీయూ స్టూడెంట్: ఈ తేడా ఎందుకు?

డిగ్రీ ఫస్టియర్, తిరుపతి:
నేను తెలుగు మీడియం నుంచి వచ్చాను. ఇంగ్లిష్‌లో ఎ, ఇ, ఐ, ఓ, యు అక్షరాల ముందు ఎ (a) బదులు యాన్ (an) పెట్టాలని స్కూల్లో చెప్పారు. ఇప్పుడు మా మేడం ఎ యూనివర్సిటీ అన్నారు, వెంటనే యాన్ ఎస్వీయూ (శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ) స్టూడెంట్ అన్నారు, యు అచ్చు, ఎస్ హల్లు కదా, మరి తలకిందులుగా ఎందుకు? ఇంకోటి, మాటల మొదలు కలిసే అలిటరేషన్ అలంకారానికి ఉదాహరణగా సి తో మొదలయ్యే క్యాట్, సిటీ రాస్తే ఎందుకు కొట్టేశారో అర్థం కాలేదు. సోమవారం ఇంటర్నల్ ఉంది, టెన్షన్‌గా ఉంది, ఎవరైనా చెప్పండి.

ట్యూషన్ టీచర్, చిత్తూరు:
అమ్మా, రెండింటికీ జవాబు ఒకటే, అక్షరం చూడొద్దు, పలికి చూడు. యూనివర్సిటీ అన్నప్పుడు ముందు వచ్చేది య, అది హల్లు శబ్దం, అందుకే ఎ. యూనిఫాం, యూరోపియన్ కూడా అంతే. వన్ రూపీ కాయిన్‌ని ఓ తో రాసినా పలికేది వ కాబట్టి అక్కడా ఎ. ఎస్ అనే అక్షరం పేరు మాత్రం అచ్చుతో మొదలవుతుంది, అందుకని యాన్ ఎస్వీయూ స్టూడెంట్, యాన్ ఎమ్మెల్యే. అవర్, ఆనెస్ట్, ఆనర్ ఫ్రెంచి నుంచి వచ్చినవి, వాటిలో హెచ్ పలకం కనుక యాన్. హోటల్‌లో హ పలుకుతాం, ఎ హోటల్.
అలిటరేషన్ కూడా చెవి లెక్కే. క్యాట్‌లో క, సిటీలో స, ఇక కలిసేదెక్కడ? క్యాట్, కైట్ రాస్తే, ఒకటి సి, ఒకటి కె అయినా సరిపోతుంది.

ఎస్వీయూ పాత విద్యార్థి:
సార్ చెప్పింది కరెక్టే, కానీ చెల్లెమ్మా, మన నోటితో జాగ్రత్త. మన బోర్డుల మీద యస్.వి., యం.ఎల్.ఎ. అని రాస్తారు, ఎగ్‌ని యెగ్గు అంటాం. అలా పలికి చూస్తే లేని య వినిపించి ఎ పెట్టేస్తావు. అనుమానం వస్తే డిక్షనరీ యాప్‌లో స్పీకర్ గుర్తు నొక్కి విను, అదే నమ్ము.

డిగ్రీ ఫస్టియర్, తిరుపతి:
చాలా థాంక్స్ అన్నా, సార్. అయితే తెలుగులో ఒకే హల్లు మళ్లీ మళ్లీ వచ్చే మన వృత్త్యనుప్రాస, అలిటరేషన్ రెండూ ఒకటేనా?

ట్యూషన్ టీచర్, చిత్తూరు:
దగ్గరివే గానీ ఒకటి కాదమ్మా. "ఎండకు మండే కొండల నిండా దండిగా జనం" అంటే ండ మాటల మధ్యలో తిరుగుతోంది, వృత్త్యనుప్రాసకు అది చాలు. అలిటరేషన్‌కి మాత్రం శబ్దం మాట మొదట్లో కలవాలి, మధ్యలోనో చివరనో కలిస్తే దాన్ని కాన్సొనెన్స్ అంటారు. పరీక్షలో నిర్వచనం రాసేటప్పుడు లెటర్స్ అని కాకుండా సౌండ్స్ అనే రాయి, మార్కు పోయేది అక్కడే.