34వ వారం స్కానింగ్‌లో బిడ్డ బరువు తక్కువ: రెండు వారాలు ఆగవచ్చా?

మా చెల్లెలికి తొలి కాన్పు. 34వ వారం గ్రోత్ స్కాన్‌లో బిడ్డ బరువు 1,850 గ్రాములని, 10వ పర్సెంటైల్ కంటే తక్కువని (అంటే అదే వారంలో ఉన్న నూరుమంది బిడ్డల్లో బరువు అతి తక్కువగా ఉండే పదిమందిలో ఒకరని) వచ్చింది. ఉమ్మనీరు 9 సెంటీమీటర్లు, బొడ్డుతాడు డాప్లర్ (తాడులో రక్తప్రసరణ చూసే స్కాన్) మామూలుగానే ఉంది, కదలికలు బాగా తెలుస్తున్నాయి. డాక్టరు గారు రెండు వారాల తర్వాత మళ్లీ స్కానింగ్‌కు రమ్మన్నారు. స్కానింగ్ బరువు 10, 15 శాతం అటూఇటూ కావచ్చని తెలుసు. కానీ తల కొలత సరిగానే ఉండి, పొట్ట చుట్టుకొలత మాత్రం 31 వారాలకే సరిపోతుందని రిపోర్టులో చూసినప్పటి నుంచి దానికి కంటిమీద కునుకు లేదు. ఇంట్లో పెద్దవాళ్లు బాగా తినమని వెంటపడుతున్నారు. తింటే నిజంగా పెరుగుతుందా? ఈలోగా డాప్లర్ ఒక్కటైనా మళ్లీ చేయమని అడగాలా? ఇలాంటి రిపోర్టు వచ్చినవాళ్లు, ప్రసూతి వైద్యులు దయచేసి చెప్పండి. కదలికలు తగ్గితే మాత్రం ఆగకుండా ఆసుపత్రికి వెళ్తాం.