వేగంలో విద్యుత్ కార్లు దాటిపోయాక మజిల్ కారుకు ఇంకా విలువ ఉందా?

ట్రాయ్_మిషిగన్ (ప్రశ్న):

సభ్యులందరికీ నమస్కారం. నేను డెట్రాయిట్ శివారులోని ట్రాయ్‌లో ఉంటున్నాను. ఏటా ఆగస్టులో వుడ్‌వర్డ్ అవెన్యూ మీద జరిగే డ్రీమ్ క్రూజ్‌కు వెళ్లి, రోడ్డు పక్కన కుర్చీ వేసుకుని 1960ల నాటి మజిల్ కార్లు, అంటే మధ్యస్థాయి బండికి పెద్ద ఇంజన్ పెట్టిన జీటీవోలు, చార్జర్లు, షెవెల్‌లు బారులు తీరి సాగిపోవడం చూస్తూ వచ్చాను. అలాంటి బండిని వారాంతాల్లో నడుపుకోవడానికి నేనూ కొనుక్కోవాలన్న కోరిక ఈ మధ్య బాగా బలపడింది. నా ముందు రెండు దారులున్నాయి. 1969 ప్రాంతపు షెవ్రొలే షెవెల్ ఎస్ఎస్ (సూపర్ స్పోర్ట్) గానీ ప్లిమత్ రోడ్ రన్నర్ గానీ తీసుకోవడం ఒకటి. 2023 డిసెంబరులో తయారీ ఆగిపోయిన డాడ్జ్ చాలెంజర్‌లో 6.4 లీటర్ల ఇంజన్ ఉన్న స్కాట్ ప్యాక్‌ను సెకండ్ హ్యాండ్‌లో తీసుకోవడం రెండోది.

ఇంట్లోవాళ్లూ స్నేహితులూ మాత్రం, అంత డబ్బు పెడితే ఈ రెండింటికన్నా పికప్ ఎక్కువగా ఉన్న విద్యుత్ కారు చప్పుడు లేకుండా ఇంటికొస్తుంది కదా అంటున్నారు. లెక్క ప్రకారం వాళ్ల మాట నిజమే. వేగాన్ని పక్కన పెడితే ఈ కార్లలో నిలిచే విలువ ఏమిటో, పాతది కొనేటట్లయితే ముందుగా ఏమేం చూసుకోవాలో అనుభవమున్నవారు చెప్పగలరని మనవి.

క్రాంక్‌షాఫ్ట్:

ట్రాయ్ గారూ, నేను ఇంజన్ కాలిబ్రేషన్ పనిలో ఉన్నాను కాబట్టి నా దృష్టికి ఆనిన విషయాలు చెబుతాను.

మజిల్ కారు పుట్టిందే ధర మీద. 1964లో జనరల్ మోటార్స్ విభాగమైన పాంటియాక్‌లో ఇంజనీరు జాన్ డెలోరియన్ బృందం, మధ్యస్థాయి కార్లలో 330 క్యూబిక్ అంగుళాలు మించిన ఇంజన్ పెట్టకూడదన్న జనరల్ మోటార్స్ నియమాన్ని దాటడానికి, టెంపెస్ట్ కారుకు 389 అంగుళాల, అంటే దాదాపు 6.4 లీటర్ల, వీ8 (రెండు వరుసల్లో ఎనిమిది సిలిండర్లు) ఇంజన్‌ను ఒక అదనపు ప్యాకేజీగా జతచేసి జీటీవో అని పేరు పెట్టింది. ప్యాకేజీ ఖరీదు 300 డాలర్ల లోపే. ఆ ఏడాది 32 వేలకు పైగా అమ్ముడుపోయాయి. 1968లో ప్లిమత్ ఇంకో అడుగు ముందుకు వేసి, నేల మీద తివాచీ కూడా లేకుండా రబ్బరు పరిచి, సాదాసీదా బెంచి సీటు వేసి, 335 హార్స్‌పవర్ ఇంజన్‌తో రోడ్ రన్నర్‌ను 2,896 డాలర్లకు అమ్మింది. అలంకారాల మీద పెట్టాల్సిన డబ్బంతా ఇంజన్‌లోకి వెళ్లింది. ఐరోపాలో అంతటి శక్తి ధనవంతులకే దక్కే రోజుల్లో, డెట్రాయిట్ ఫ్యాక్టరీలో గంటల లెక్కన కూలి తీసుకునే కుర్రవాడు వాయిదాల మీద దాన్ని ఇంటికి తెచ్చుకోగలిగాడు. నా దృష్టిలో ఈ కార్ల గొప్పతనమంతా ఇక్కడే ఉంది.

ఇక ఆ శబ్దం సంగతి. చాలామంది అది సైలెన్సర్ మహిమ అనుకుంటారు గానీ దాని మూలం క్రాంక్‌షాఫ్ట్‌లో, అంటే పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసులో ఉంది. అమెరికన్ వీ8లలో పిస్టన్ల కడ్డీలు తగులుకునే క్రాంక్ పిన్నులు 90 డిగ్రీల ఎడంతో, ఎదురుగా చూస్తే కూడిక గుర్తులా ఉంటాయి. ఎనిమిది సిలిండర్లూ కలిపి చూస్తే 90 డిగ్రీలకొకటి చొప్పున సమంగానే పేలుతాయి. అయితే షెవ్రొలేలో పేలే క్రమం 1-8-4-3-6-5-7-2. బేసి అంకెలవి ఎడమ వరుస, సరి అంకెలవి కుడి వరుస. ఈ క్రమంలో కుడివైపు 8, 4 వెంటవెంటనే పేలుతాయి, ఎడమవైపు 5, 7 వెంటవెంటనే పేలుతాయి. అందువల్ల ఒక్కో వైపు గొట్టంలోకి పొగ ఒకసారి 90 డిగ్రీల ఎడంలో, మరోసారి 180, ఇంకోసారి 270 డిగ్రీల ఎడంలో వచ్చి పడుతుంది. సిగ్నల్ దగ్గర బండి ఆగి ఉన్నప్పుడు గుండెకు తగిలే ఆ ఎగుడుదిగుడు గురగుర అదే. ఫెరారీ వీ8లలో పిన్నులు ఒకే తలంలో ఉండి రెండు వరుసలూ వంతులవారీగా పేలుతాయి గనుక వాటి స్వరం సన్నగా, ఎత్తుగా ఉంటుంది. విద్యుత్ కారులో స్పీకర్ల ద్వారా ఎంత శబ్దం వినిపించినా, అది యంత్రం పని చేస్తున్నందువల్ల పుట్టిన శబ్దం కాదు. నాకు ఆ తేడా ముఖ్యం.

హ్యూస్టన్_రావు:

క్రాంక్‌షాఫ్ట్ గారి మాటలతో ఏకీభవిస్తూనే, పాత బండి వైపు మొగ్గే ముందు కొన్ని నిజాలు గుర్తుపెట్టుకోవాలని మనవి చేస్తున్నాను. 1971 వరకు కంపెనీలు ప్రకటించిన హార్స్‌పవర్ అంకెలు గ్రాస్ కొలతలు. అంటే ఇంజన్‌ను బల్ల మీద పెట్టి, ఎయిర్ ఫిల్టరు, అసలు సైలెన్సర్ వంటివి లేకుండా కొలిచినవి. 1971లో జనరల్ మోటార్స్ రెండు లెక్కలూ ఇచ్చింది కాబట్టి పోల్చి చూడవచ్చు: కార్వెట్‌లోని 454 అంగుళాల ఎల్ఎస్5 ఇంజన్ గ్రాస్ 365, అవన్నీ బిగించి కొలిచిన నెట్ 285. కాబట్టి పాత ప్రకటనల్లోని అంకెను, మీరు చూస్తున్న చాలెంజర్ స్కాట్ ప్యాక్ ఇచ్చే 485 హార్స్‌పవర్‌ను పక్కపక్కన పెట్టడం సరికాదు.

అంతకన్నా ముఖ్యమైనది బ్రేకుల విషయం. ఆనాటి బండ్లలో చాలావాటికి నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. అంత బరువును వేగంలో నుంచి ఒకటికి రెండుసార్లు గట్టిగా ఆపితే డ్రమ్ములు వేడెక్కి పట్టు తగ్గిపోతుంది. ఎయిర్ బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు. పిల్లలను ఎక్కించుకుని తిరగాలనుకుంటే నా ఓటు చాలెంజర్‌కే. అది కూడా ఆ పాత మజిల్ కార్లకు వారసురాలే. పైగా వాన పడినా నిశ్చింతగా బయటికి తీయవచ్చు. అయితే దొంగల చూపు ఈ కార్ల మీద ఎక్కువ గనుక బీమా ప్రీమియం ఎంతవుతుందో కొనకముందే అడిగి తెలుసుకోండి. 1960ల చివర్లో కూడా బీమా కంపెనీలు ఇలాంటి కార్లకు అదనంగా వడ్డించడంతోనే వాటి పతనం మొదలైంది. 1970 నాటి స్వచ్ఛ వాయు చట్టం, 1973 అక్టోబరు చమురు నిషేధం ఆ తర్వాత వచ్చి మిగిలిన పని పూర్తిచేశాయి.

ఒహాయో_పాతబండి:

నాకు పాత బండ్లంటే ప్రాణం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఇలాంటి బండి విలువ ఇనుములో సగం, కాగితాల్లో సగం. క్రైస్లర్ వారి శక్తివంతమైన హెమీ ఇంజన్ ఉన్న 1971 ప్లిమత్ 'కుడా కన్వర్టిబుల్ ఒకటి 2014లో సియాటిల్ వేలంలో 35 లక్షల డాలర్లు పలికిందంటే, అలాంటివి పదికి కాస్త అటూ ఇటూగా మాత్రమే తయారయ్యాయి కాబట్టి. ఆ ధరలు చూసి మామూలు బండి కూడా అలాగే పెరుగుతుందని ఆశపడకండి. 2008 మాంద్యంలో ఈ మార్కెట్ ఎంతగా పడిపోయిందో చూసినవాళ్లం. నడపడం కోసం కొనండి, పెట్టుబడి కోసం వద్దు.

షెవెల్, రోడ్ రన్నర్ అన్నారు. మీ స్థానంలో నేనుంటే రోడ్ రన్నరే చూస్తాను. 1966 నుంచి 1968 వరకు ఎస్ఎస్ 396 షెవెల్ అయితే దాని వీఐఎన్ (బండి గుర్తింపు నంబరు) 138తో మొదలయ్యేది. 1969 నుంచి ఎస్ఎస్ కేవలం ఒక ఆప్షన్ అయిపోయింది. నంబరు చూసి అసలుదో, మాలిబుకు బ్యాడ్జీలు తగిలించిందో చెప్పలేం. బండికి ఏమేం అమర్చాలో రాసిన ఫ్యాక్టరీ బిల్డ్ షీట్ గానీ, వారంటీతో ఇచ్చిన ప్రొటెక్ట్-ఓ-ప్లేట్ అనే లోహపు పలక గానీ ఉంటేనే నమ్మాలి. 1969 రోడ్ రన్నర్ నంబరు మాత్రం ఆర్ఎంతో మొదలవుతుంది, అయిదో అక్షరం ఇంజన్‌ది: హెచ్ అంటే 383 అంగుళాల ఇంజన్, జే అంటే 426 అంగుళాల హెమీ. 1968లో ఆ హెమీ కోసం అదనంగా 714 డాలర్లు తీసుకునేవారు. నేడు ఆ ఒక్క అక్షరం మార్చే ధర చూస్తే, ఇంజన్ దిమ్మె మీద చెక్కిన నంబరును లైటు వేసి ఎందుకు చదవాలో అర్థమవుతుంది.

ఇక తుప్పు. మన ఒహాయో, మిషిగన్ రాష్ట్రాల్లో చలికాలం రోడ్లకు ఉప్పు జల్లుతారు కాబట్టి ఇది ఇంజన్ కన్నా పెద్ద సమస్య. ఇంజన్‌కు సామాను ఇప్పటికీ దొరుకుతుంది, కార్బ్యురేటర్ విప్పి శుభ్రం చేసుకోవడం ఒక సాయంత్రపు పని. కుళ్లిన ఫ్రేమ్ రైలును మార్చడం అలాంటిది కాదు. డిక్కీలో చాప ఎత్తి నేల చూడండి. వెనుక చక్రాల పైభాగంలో, తలుపుల కింది అంచుల్లో, మెత్తని గుడ్డ చుట్టిన అయస్కాంతం ఆనించి చూడండి. అది అంటుకోకపోతే లోపల రేకు లేదు, పుట్టీ ఉంది. పైకప్పుకు వినైల్ తొడుగు ఉంటే వెనుక అద్దం చుట్టూ వేలితో నొక్కండి, అక్కడ ఉబ్బుగా తగిలితే కింద తుప్పు పట్టి ఉన్నట్టే.

హైదరాబాద్_వీ8:

ఇక్కడి మాట కూడా ఒకటి. 2016లో ఫోర్డ్ మస్టాంగ్ జీటీని కుడిచేతి స్టీరింగుతో భారత్‌లో విడుదల చేసినప్పుడు ఢిల్లీ షోరూం ధర 65 లక్షలు. డెట్రాయిట్‌లో జీతగాడి కారు ఇక్కడికొచ్చేసరికి సంపన్నుల కారైపోయింది. అది నాకు బాధగానే ఉంటుంది. అయినా మా బావగారి మస్టాంగ్‌లో ఔటర్ రింగ్ రోడ్డు మీద వేగ పరిమితి దాటకుండా వెళ్లినప్పుడు కూడా, తక్కువ తిరుగుడులోనే అయిదు లీటర్ల ఇంజన్ బండిని ముందుకు లాగే తీరు నాకు ఎంతో తృప్తినిచ్చింది. ఆ అనుభవానికి పందెం వేగం అక్కర్లేదు. ఇక్కడ స్పీడ్ బ్రేకర్లను ఏటవాలుగా దాటించాలి, సామాను కోసం వారాల తరబడి ఎదురుచూడాలి. మీకు ఆ రెండు ఇబ్బందులూ లేవు, అది మీ అదృష్టం.

ట్రాయ్_మిషిగన్:

అందరికీ కృతజ్ఞతలు. పిల్లలను ఎక్కించుకునే బండి వేరే ఉంది గనుక, హ్యూస్టన్ రావు గారి హెచ్చరికను మనసులో పెట్టుకుని, ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు వేయించే ఖర్చు కూడా లెక్కలో చేర్చుకుని పాతదే చూడాలనుకుంటున్నాను. శనివారం 383 ఇంజన్ ఉన్న 1969 రోడ్ రన్నర్ ఒకటి చూడబోతున్నాను. ఫ్యాక్టరీ కాగితం తన దగ్గర లేదని అమ్మే ఆయన అంటున్నారు. ఒహాయో గారూ, ఇక ఆశ వదులుకోవాల్సిందేనా?

ఒహాయో_పాతబండి:

అప్పుడే వద్దు. ఆ రోజుల్లో అసెంబ్లీ లైనులో పనివాళ్లు బ్రాడ్‌కాస్ట్ షీట్‌ను, అంటే ఆ బిల్డ్ షీట్‌నే, సీటు స్ప్రింగుల్లోనే దోపి వదిలేసేవారు. ఆయన అనుమతి తీసుకుని వెనుక సీటు అడుగు భాగాన్ని పైకి తీసి, స్ప్రింగుల మధ్య నెమ్మదిగా వెతకండి. కాగితం పెళుసుగా ఉంటుంది, లాగవద్దు. దొరికితే ఉన్నచోటే ముందు ఫోటో తీసి, దాని మీది నంబరును డ్యాష్‌బోర్డు మీది వీఐఎన్‌తో అక్షరం అక్షరం పోల్చుకోండి.