ఊళ్ళో పెద్దమనుషులు కుదిర్చే రాజీని శాంతి అనొచ్చా?

కొమ్మమూరు కాలువ:
ఎం.ఏ. సోషియాలజీ చదువుతున్నాను. పోయిన వారం క్లాసులో లింగ వివక్ష, వ్యవస్థాగత జాతి వివక్ష, శాంతి స్థాపన మూడూ కలిపి చర్చ పెట్టారు. నార్వే పండితుడు గాల్టుంగ్ 1969లోనే తేడా చెప్పాడట: కొట్లాట ఆగడం వేరు, దానికి కారణమైన అన్యాయం పోవడం వేరు.

నాకు మా ఊరు గుర్తొచ్చింది. నాకు పదేళ్ళప్పుడు పంపు దగ్గర మా పేట అక్కను ఒకడు కులం పేరుతో తిట్టి, జుట్టు పట్టుకుని లాగాడు. సాయంత్రం పంచాయితీ పెట్టారు. వాళ్ళ పెద్దమనుషులు నలుగురు, మావాళ్ళు నలుగురు కూర్చున్నారు. అక్క వాళ్ళమ్మతో కలిసి వేపచెట్టు అవతల నిలబడింది. ఆమెను ఒక్క మాట అడగలేదు. వాడికి వెయ్యి రూపాయలు తప్పు వేశారు, ఆమె అన్నకు క్షమాపణ చెప్పించారు. అన్నకు! ఆ తర్వాత ఊళ్ళో మళ్ళీ గొడవ లేదు. దాన్ని శాంతి అనడానికి నాకు నోరు రావడం లేదు. మీరేమంటారు?

పాత గుమాస్తా:
నోరు రాకపోవడం తేలికేనమ్మాయ్, కోర్టు మెట్లెక్కడం కష్టం. ఓ వకీలు దగ్గర ముప్పై ఏళ్ళు గుమాస్తాగా చేశాను. వాయిదాకు వచ్చిన కూలి మనిషికి ఆ రోజు కూలి పోతుంది, బస్సు చార్జీ అదనం, సాక్షికి టిఫిన్ కూడా తనే పెట్టించాలి. మధ్యాహ్నం రెండింటికి బెంచ్ క్లర్కు వచ్చి ఇంకో తేదీ చెప్తాడు.

పెద్ద కేసుల సంగతే చూడండి. కారంచేడులో ఆరుగురు దళితులను చంపింది 1985 జూలై 17న, సుప్రీంకోర్టు ఆఖరి తీర్పు 2008 డిసెంబరులో. చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపి గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేసింది 1991 ఆగస్టు 6న. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. హత్యలకు రాజీ చేసుకోమని నేననను. కానీ తిట్టు, జుట్టు పట్టుకోవడం లాంటివాటికి ఇరవై ఏళ్ళు తిరగమంటారా? సుప్రీంకోర్టే 2021లో మధ్యప్రదేశ్ నుంచి వచ్చిన ఒక అట్రాసిటీ కేసులో రాజీని ఒప్పుకుని శిక్ష కొట్టేసింది. అది ఇరుగుపొరుగు స్థలం తగాదా.

మిరపతోట:
బాబాయ్ గారూ, ఆ తీర్పులోనే బాధితుల చేత బలవంతంగా ఒప్పించారేమో జాగ్రత్తగా చూడాలని కూడా ఉంది. వేపచెట్టు అవతల నిలబడ్డ మనిషిది ఏ రకం ఒప్పుదల?

కారంచేడు గొడవ మొదలైందే ఒక ఆడమనిషి దగ్గర. పై కులంవాళ్ళు మంచినీళ్ళ చెరువును పాడు చేస్తున్నారని ఒక మాదిగ కుర్రాడు అడిగితే వాడి మీద పడ్డారు. నీళ్ళకొచ్చిన మున్నంగి సువార్త అడ్డం వెళ్ళింది, ఆమె మీదికీ వచ్చేసరికి బిందె ఎత్తింది. మర్నాడే దాడి. ఆ తర్వాత పుట్టిన దళిత మహాసభ గురించి మాట్లాడితే కత్తి పద్మారావు, బొజ్జా తారకం పేర్లు చెప్తాం. అది న్యాయమే. కానీ బిందె ఎత్తిన ఆమె పేరు మా పిల్లల్లో ఎంతమందికి తెలుసు? బాధిత కుటుంబాలు చీరాల వెళ్ళి విజయనగర్ కాలనీ కట్టుకున్నాయి. దెబ్బ తిన్నవాళ్ళు వెళ్ళిపోయాక ఊళ్ళో గొడవెందుకుంటుంది?

అమెరికాలో క్రెన్షా అనే నల్లజాతి న్యాయ పండితురాలు 1989లో రాసిన వ్యాసంలో ఒక కార్ల కంపెనీ కేసు ఉంటుంది. తీసేసిన నల్లజాతి ఆడవాళ్ళు కోర్టుకెళ్తే, కంపెనీలో ఆడవాళ్ళున్నారుగా అంది కోర్టు. ఉన్నది తెల్లవాళ్ళు. నల్లవాళ్ళుగా వివక్ష అంటారా, ఆ సంగతి అదే కంపెనీ మీద నడుస్తున్న ఇంకో జాతి వివక్ష కేసుతో కలిపి చూసుకోమంది. రెండూ కలిసి మీద పడ్డవాళ్ళకు ఏ గడిలోనూ చోటు లేదు. మన రచ్చబండ మీదా అంతే. 'మావాళ్ళు నలుగురు' అంటే మగవాళ్ళు నలుగురు. శాంతి చర్చల్లో ఆడవాళ్ళుండాలని ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 2000లో 1325వ తీర్మానం చేసిందట. అది మా మండలం దాకా రాలేదు లెండి.

సందేహి:
అంతా బాగుంది గానీ కులాన్ని జాతి వివక్షలోకి లాగడమెందుకు? జాతి వివక్ష మీద ఐక్యరాజ్యసమితి 2001లో పెట్టిన డర్బన్ సదస్సప్పుడు ఆంద్రే బెతెయ్ లాంటి సామాజిక శాస్త్రవేత్తే అది శాస్త్రానికి నిలవదన్నారు.

కొమ్మమూరు కాలువ:
కులమూ జాతీ ఒకటేనని నేనూ అనను. కానీ జాతి వివక్షను పోగొట్టాలన్న 1965 నాటి అంతర్జాతీయ ఒప్పందంలో జాతి, రంగుతో పాటు 'వంశం' అనే మాట కూడా ఉంది. అది చేర్చమని అడిగింది భారతదేశమే! డర్బన్‌కు వచ్చేసరికి కులం మాటెత్తొద్దని పట్టుబట్టిందీ మనవాళ్ళే.

జొహానెస్‌బర్గ్ నుంచి:
ఇక్కడి సంగతి ఒకటి చెప్తాను. తెల్లవాళ్ళ వర్ణవివక్ష పాలనలో జరిగిన దారుణాలను బయటపెట్టడానికి వేసిన ట్రూత్ కమిషన్ 1996లో విచారణలు మొదలుపెట్టాక వచ్చిన ఆడవాళ్ళు చాలామంది కొడుకును ఎలా చంపారో, భర్తను ఎలా ఎత్తుకెళ్ళారో చెప్పేవారు. తమకేమైందో చెప్పేవారు కాదు. అది గమనించి ఆడవాళ్ళ కోసమే విడిగా విచారణలు పెట్టారు. అంటే పిలిచి కూర్చోబెట్టినా సరిపోదు, మాట బయటికొచ్చే చోటు కావాలి.

పాత గుమాస్తా:
మిరపతోట గారూ, ఒకటి ఒప్పుకుంటాను. నా చేత్తో రాసిన రాజీ కాగితాలన్నిట్లో 'ఉభయ పార్టీలు' అని ఉండేది. కింద సంతకం తండ్రిదో, అన్నదో, మొగుడిదో. ఆమె వేలిముద్ర పడ్డ కాగితం ఒక్కటీ గుర్తు రావడం లేదు. అయినా రాజీ వద్దనే మాటకు నేనొప్పుకోను. అమ్మాయ్, ఆ అక్క కేసే కావాలనుకుందని నువ్వెలా చెప్తున్నావు? నువ్వూ అడగలేదుగా?

కొమ్మమూరు కాలువ:
నిజమే, అడగలేదు. నిన్న రాత్రి ఫోన్ చేశాను. ముందు నవ్వేసింది, ఇప్పుడెందుకే ఆ గోల అంది. కాసేపటికి తనే చెప్పింది. కేసు సంగతి అప్పుడు తనకు తట్టనే లేదట. ఆ తర్వాత మళ్ళీ ఆ పంపు దగ్గరికి వెళ్ళలేక, పెళ్ళయ్యేదాకా మూడేళ్ళు స్కూలు వెనక బోరుకు వెళ్ళి నీళ్ళు తెచ్చుకుందట. రోజుకు ఆరు బిందెలు. వాడు మాత్రం పంపు పక్క అరుగు మీదే కూర్చునేవాడట.