మొదటి డేట్‌కు ఆదివారం బ్రంచ్: స్టార్ హోటల్ బఫేనా, టిఫిన్ హోటలా?

మెట్టుగూడ మిత్రుడు:
నెల రోజులుగా ఫోనులోనే మాట్లాడుకుంటున్నాం. వచ్చే ఆదివారం పదకొండు గంటలకు మొదటిసారి కలుస్తున్నాం. ఆమెది మియాపూర్, నాది మెట్టుగూడ. చోటు చూసే బాధ్యత నా మీద పడింది. బంజారాహిల్స్‌లో ఒక స్టార్ హోటల్ బఫే చూసి పెట్టాను. మనిషికి 2,500 రూపాయలు, పన్ను అదనం. మా అన్నయ్యేమో, "ఇడ్లీ తినడానికి అంత డబ్బా? మంచి టిఫిన్ హోటల్‌కు తీసుకెళ్లు" అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

పెసరట్టు పక్షపాతి:
అన్నయ్య మాటే వినండి. అల్లం పచ్చడితో ఉప్మా పెసరట్టు వేడివేడిగా వచ్చాక ఇంకే కేకులూ గుర్తుకు రావు. అయినా టిఫినూ భోజనమూ కలిపేసే ఈ బ్రంచ్ గొప్పేమిటో నాకు అర్థం కాదు. 1895లో గై బెరింజర్ అనే ఇంగ్లండు రచయిత, శనివారం రాత్రి ఆలస్యంగా పడుకున్నవాళ్ల కోసం దీన్ని వెనకేసుకొచ్చాడట. మా తాతయ్య పొలం నుంచి వచ్చి పదకొండింటికి చద్దన్నం తినేవాడు. ఆయనకు ఎవరూ ఇంగ్లీషు పేరు పెట్టలేదు.

రెండో కాఫీ:
పక్షపాతి గారూ, ఆదివారం పదకొండు గంటలకు టిఫిన్ హోటల్‌కు వెళ్లి మీకు ఎన్నాళ్లయింది? నేను ఇలాంటి పరిచయానికే వెళ్లాను. కూర్చున్న ఐదు నిమిషాలకు ఒక కుటుంబం, తాతగారితో సహా, మా కుర్చీల వెనక చేరింది. ఆయన నా కుర్చీ మీద చెయ్యి వేసి మరీ నిలబడ్డారు. ఎదురుగా అబ్బాయి తన ఉద్యోగం ఎందుకు మానేశాడో చెబుతున్నాడు. వాళ్ల పాప నా ప్లేటులో ఎంత దోశ మిగిలిందో చూస్తోంది. సర్వర్ కాఫీనీ బిల్లునూ ఒకే చేత్తో పెట్టి వెళ్లాడు. అరగంటలో రోడ్డు మీదున్నాం. ఉద్యోగం సంగతి ఇప్పటికీ పూర్తిగా తెలియదు.

లెక్కల మాస్టారు:
భావాలు తర్వాత, ముందు బిల్లు చూద్దాం. గది అద్దె 7,500 రూపాయలు దాటే హోటళ్లలోని రెస్టారెంట్లలో జీఎస్టీ 18 శాతం. 2,500 మీద 450, ఇద్దరికీ కలిపి 5,900. మామూలు రెస్టారెంట్లో 5 శాతమే. సర్వీస్ చార్జీ వేస్తే తీసేయమని అడగవచ్చు. బిల్లులో దాన్ని తప్పనిసరి చేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లో చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా సమర్థించింది. కానీ మొదటి డేట్‌లో సర్వర్‌తో చట్టం మాట్లాడే ధైర్యం ఎవరికుంది!

పెసరట్టు పక్షపాతి:
ఎంతయినా మొదటిసారి అబ్బాయే ఇవ్వాలి. అది మర్యాద.

రెండో కాఫీ:
అక్కడే ఉంది చిక్కు. 5,900 మీరు ఇచ్చేస్తే నేను మొహమాటంతో మూడు గంటల దాకా కూర్చోవాలి. నా వాటా 2,950 అంటే, నన్ను అడగకుండా నా డబ్బు ఖర్చు పెట్టినట్టు. బిల్లు మూడు వందలయితే ఎవరిచ్చినా పేచీ లేదు. "ఈసారి మీరు, వచ్చేసారి నేను" అనవచ్చు, ఆ వచ్చేసారి ఉంటుందో లేదో అందులోనే తేలిపోతుంది. బఫేలో ఇంకో ఇబ్బంది. ఒకరు కూర్చునేసరికి ఇంకొకరు లేస్తారు. మాట మధ్యలో ఉండగా ఆమ్లెట్ తయారైందని పిలుస్తారు. పెళ్లయి పదేళ్లయిన వాళ్లకు అది హాయి. కొత్తవాళ్లకు కాదు.

పాతబస్తీ ప్రేమికుడు:
ఇద్దరూ ఇరానీ చాయ్‌ని మరిచిపోయారు. చార్మినార్ పక్కన నిమ్రా కేఫ్‌లో చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. ఆకలేస్తే దగ్గర్లో ఖిచిడీ, ఖట్టా, ఖీమా.

రెండో కాఫీ:
రుచికి వంక లేదు. కానీ ఆ రద్దీలో ఒకరి మాట ఒకరికి వినపడాలంటే అరవాలి. మొదటి రోజే అరుచుకోవడం ఎందుకు?

మెట్టుగూడ మిత్రుడు:
అయితే ఎక్కడికి వెళ్లమంటారు? టేబుల్ బుక్ చేయడానికి ఈ రాత్రే గడువు.

రెండో కాఫీ:
బుక్ చేయకండి. ముందు దారి చూడండి. మెట్రోలో ఆమె ఎర్ర లైనులో వస్తుంది, మీరు నీలం లైనులో. రెండూ కలిసేది అమీర్‌పేటలో. మీరు అక్కడ మారి ఎర్ర లైనెక్కితే రెండో స్టేషన్ ఎర్రమంజిల్. ఆమె మియాపూర్ నుంచి మారకుండానే దిగుతుంది. అక్కడి నుంచి బంజారాహిల్స్ రోడ్ నంబర్ 1లో ఉన్న లామకాన్‌కు ఆటోలో కొద్ది దూరమే. 2010 నుంచి నడుస్తున్న సాంస్కృతిక వేదిక. చెట్ల నీడలో కూర్చోవచ్చు, చాయ్ అక్కడి క్యాంటీన్‌లో మనమే తెచ్చుకోవాలి, లేవమని ఎవరూ అనరు. నచ్చకపోతే ఒక చాయ్‌తో లేచి ఎవరి దారిన వాళ్లు మెట్రోకు వెళ్లవచ్చు. చోటు చెప్పగానే అమ్మాయిలు మొదట చూసుకునేది అదే, పైకి చెప్పరు. మీ కారులో దింపుతానని మాత్రం ముందే అనకండి.

లెక్కల మాస్టారు:
మే నెలలో చెట్టు నీడ కూడా చెమటే. ఏసీ అవసరం కూడా లెక్కలోకి తీసుకోండి.

పెసరట్టు పక్షపాతి:
అంతా బాగుంది. అక్కడ పెసరట్టు దొరుకుతుందా అని మాత్రం ఎవరూ చెప్పడం లేదు.

మెట్టుగూడ మిత్రుడు:
మీ వాదన సగం చదివి, నేరుగా ఆమెనే అడిగాను. ముందే అడగాల్సింది. "ఆదివారమైనా నేను ఎనిమిదింటికే టిఫిన్ చేసేస్తాను, పదకొండుకు మళ్లీ ఏం తింటాను? చాయ్ అయితే వస్తాను" అంది. బఫే మానేశాను. లామకాన్ పేరు చెబితే, అక్కడ రెండు నాటకాలు చూశానంది. నేనే ఇంతవరకూ వెళ్లలేదు. గేటు ఎక్కడుందో కాస్త చెప్పండి.